స్కైలైటు పగిలింది, వెనుక షెడ్డు రేకులు లేచాయి: వాన వచ్చేలోగా తాత్కాలికంగా ఎలా మూయాలి?

మేడమెట్లు (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. మాది డూప్లెక్సు ఇల్లు. మెట్ల మీదకు వెలుతురు రావాలని డాబా మీద ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పుతో స్కైలైటు పెట్టించాము. చుట్టూ అడుగు ఎత్తు ఇటుక కట్టు, దాని మీద ఇనుప ఫ్రేము, అందులో మూడు టఫెన్డ్ గాజు పలకలు ఉంటాయి. రాత్రి ఈదురుగాలికి పక్క స్థలంలోని రేకు ఒకటి ఎగిరివచ్చి తగలడంతో రెండు పలకలు పొడిపొడిగా మెట్ల మీదకు రాలిపోయాయి. మూడోది నిలిచే ఉంది గాని, దాని పక్కన ఫ్రేము కొంచెం వంగింది. ఇంటి వెనుక సామాను షెడ్డుకు సిమెంటు రేకులు వేశాము. వాటిలో రెండు పగిలాయి, ఒకటి చివర లేచి కొట్టుకుంటోంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని, ఎల్లుండి నుంచి మళ్ళీ వానలని చెబుతున్నారు. గాజు కోయించి తెప్పించడానికి రెండు వారాలు పడుతుందట. ప్రస్తుతం స్కైలైటు మీద టార్పాలిన్ పరచి ఇటుకలు పెట్టాము గాని, గాలి వచ్చినప్పుడల్లా అది ఉబ్బి లేస్తోంది. ప్లైవుడ్ పైనుంచి వేయాలా, లోపలి నుంచి బిగించాలా? షెడ్డు మీదకు మనిషిని ఎక్కించవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గాలివాటు (కాకినాడ, నిర్మాణ ఇంజినీరు)

ముందుగా ఆ ఇటుకలు తీసేయండి. గాలికి టార్పాలిన్ లేచినప్పుడు ఆ ఇటుకలే మెట్ల మీద నడుస్తున్నవారి తల మీద పడతాయి.

బరువు పెడితే కప్పు నిలుస్తుందనే నమ్మకం మన తీరంలో బలంగా ఉంది కాబట్టి లెక్క చెబుతాను. గాలి కప్పు మీదుగా పోయేటప్పుడు దానిని కిందికి నొక్కడం కంటే పైకి లాగడమే ఎక్కువ, అంచుల దగ్గర, మూలల దగ్గర ఆ లాగుడు మరీ ఎక్కువ. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం గాలి ఒత్తిడి అంటే సెకనుకు మీటర్లలో గాలి వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణించడమే. గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల గాలికి చదరపు మీటరుకు 240 న్యూటన్లు, సుమారు 24 కిలోల బరువుతో సమానం. మీ స్కైలైటు 3.25 చదరపు మీటర్లు ఉంటుంది కనుక దాని మీది మూతను దాదాపు 80 కిలోల బలం పైకి లాగవచ్చు. దాన్ని మూయడానికి కావలసిన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మొత్తం బరువు సుమారు 40 కిలోలే. అదే ప్రమాణం కట్టడాల లెక్కల కోసం విశాఖపట్నానికి ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి లెక్క వేస్తే అదే మూతను లాగే బలం 500 కిలోలకు చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మీ నగరం మీదే తీరం దాటినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ కప్పు సైతం దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి. బలమైన కప్పులనే లేపిన గాలికి నాలుగు ఇటుకలు అడ్డం కావు.

కాబట్టి మూతను బరువుతో ఆపాలని చూడవద్దు, కట్టడానికి బిగించండి. మీకు ఇనుప ఫ్రేము ఉండడం మంచిదే. వంగిన వైపు వదిలేసి, మిగిలిన మూడు వైపులా ఫ్రేము ఇటుక కట్టులో గట్టిగా ఉందో లేదో చేత్తో ఊపి చూడండి. కదలకపోతే ప్లైవుడ్‌ను ఆ ఫ్రేముకే యు బోల్టులతో బిగించవచ్చు.

షెడ్డుపని (జీడిమెట్ల, హైదరాబాద్)

నేను ఫ్యాక్టరీ షెడ్లలో భద్రత చూసే పనిలో ఉన్నాను. స్కైలైటు సంగతి ఇంజినీరు గారు చెప్పారు, నేను షెడ్డు గురించి చెబుతాను. సిమెంటు రేకు మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. ఎంత తేలికైన మనిషి అయినా, ఎంత కొత్త రేకు అయినా అంతే. పాత రేకు పైకి రాయిలాగే కనిపిస్తుంది గాని, ఏళ్ళ తరబడి ఎండకు, వానకు పెళుసెక్కి ఉంటుంది. అది విరిగే ముందు వంగదు, చప్పుడు చేయదు, కాలు పెట్టినచోట ముక్క ఊడి మనిషి నేరుగా కింద పడతాడు. తుఫాను మర్నాడు ఆసుపత్రులకు వచ్చేవారిలో గాలికి దెబ్బతిన్నవారితోపాటు కప్పు బాగుచేయబోయి పడినవారు కూడా ఉంటారని మరచిపోవద్దు.

షెడ్లలో వెలుతురు కోసం మధ్యమధ్య వేసే ఫైబరు రేకులు ఇంకా ప్రమాదం. దుమ్ము, నాచు పట్టాక అవి సిమెంటు రేకుల రంగులోకే తిరుగుతాయి. పైనుంచి చూసే మనిషికి ఏది ఏదో తెలియదు. పని మొదలుపెట్టేముందు షెడ్డు లోపల నిలబడి పైకి చూసి, వెలుతురు ఎక్కడినుంచి వస్తుందో గుర్తుపెట్టి, పైన ఆ చోట్లను సున్నంతో గీత గీయించడం మేము తప్పనిసరి చేశాము.

ఎక్కక తప్పకపోతే క్రాలింగ్ బోర్డులు, అంటే రేకుల మీద పరచి మనిషి కదలడానికి వాడే పలకలు, వేయాలి. అవి దొరకకపోతే సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేవారి దగ్గర మందమైన పొడవాటి చెక్కలు దొరుకుతాయి. రేకులను పట్టి ఉంచే జె బోల్టుల తలలు వరుసగా కనిపించే చోటే కింద పర్లిను, అంటే రేకులను మోసే అడ్డదూలం, ఉంటుంది. చెక్క కనీసం రెండు పర్లిన్ల మీద ఆనాలి, జారకుండా పై చివరను తాడుతో కట్టాలి. రెండు చెక్కలు ఉండాలి: ఒకదాని మీద ఉండి రెండోదాన్ని ముందుకు జరుపుకోవాలి. నడుముకు సేఫ్టీ బెల్టు ఉంటే దాని తాడును షెడ్డు బయట గట్టి చెట్టుకో, స్తంభానికో కట్టండి గాని, పర్లినుకు మాత్రం కట్టవద్దు, గాలికి అది ఇప్పటికే వదులై ఉండవచ్చు.

మీ షెడ్డు చిన్నదే అయితే అసలు ఎక్కకుండా, లోపల స్టూలు వేసుకుని కింది నుంచే పని చేయడం మంచిది.

ఉద్దానం తోట (పలాస)

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టం అయినట్టే, రేకుల ఇళ్ళ కప్పులు కూడా ఊరూరా లేచిపోయాయి. ఆ తర్వాత బరకాలు అందరికీ దొరికాయి, కానీ వాటిలో చాలావరకు మొదటి గాలివానకే చిరిగిపోయాయి. ఎందుకు చిరిగాయో మా వాళ్ళు అప్పుడే గమనించి తమ పద్ధతి మార్చుకున్నారు.

బరకం ఎప్పుడూ రింగుల దగ్గరే చిరుగుతుంది. తాడు రింగును ఒకేచోట లాగుతుంది, గుడ్డ చీలి రింగు ఊడి వస్తుంది. అందుకని బరకం అంచును సరుగుడు బాదుకు రెండు మూడు చుట్లు చుట్టి, ఆ చుట్టిన బాదును వైరుతో కట్టాలి. అప్పుడు లాగుడు అంచు పొడవునా పంచుకుపోతుంది. బరకం ఇంటి కొప్పు దాటి అవతలి వాలు మీదకు కనీసం మూడు నాలుగు అడుగులు దిగాలి. పగిలిన చోటును మాత్రమే కప్పి, పై అంచును కొప్పు దిగువన వదిలేస్తే, పైనుంచి జారే నీరంతా ఆ అంచు కిందకే దూరి నేరుగా ఇంట్లోకి వస్తుంది. కొప్పు దాకా చాలనంత చిన్న బరకం అయితే దాని పై అంచును పై వరుస రేకుల కిందకు దూర్చాలి.

తాళ్ళను నేల మీద గుంజలకు కట్టండి. నైలాను తాడు రేకు అంచుకు రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కను చుట్టకపోతే తాడు తెల్లవారేసరికి తెగిపోతుంది. మా దిగువన మత్స్యకారుల ఊళ్ళలో పాత వలను ఇంటి మొత్తం మీద పరచి, వల అంచులకు ఇసుక సంచులు వేలాడదీస్తారు. ఇక్కడ సంచి బరువు కప్పు మీద కూర్చోదు, వలను నాలుగు వైపులా కిందికి లాగుతుంది. ఇంజినీరు గారు చెప్పిన లెక్కకు అది విరుద్ధం కాదనుకుంటాను.

గాలివాటు (కాకినాడ, నిర్మాణ ఇంజినీరు)

విరుద్ధం కాదు. వలలో గాలి దూరి పోతుంది కనుక ఉబ్బదు, పైగా రేకులన్నీ కలిసి ఒకే బరువుగా పనిచేస్తాయి. అది చాలా తెలివైన పద్ధతి.

ఉలిబాడిశ (తెనాలి, వడ్రంగి పని)

స్కైలైటు విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. లోపలి నుంచి మూయడమే మేలని నేను అంటాను. మెట్ల మీద పరంజా కట్టుకుంటే మనిషి గోడల మధ్య ఉంటాడు, డాబా మీద వానలో కన్నం పక్కన కూర్చోవలసిన పని లేదు. కన్నం లోపలి అంచుకు చుట్టూ రీపర్లు (సన్న చెక్క పట్టీలు) బిగించి, వాటికి ప్లైవుడ్ కొడితే అది గాలి కంట పడదు. ఇటుక కట్టు అడుగు ఎత్తు ఉంది కనుక గాలి దాని మీదుగా పోతుంది.

మేడమెట్లు (విశాఖపట్నం)

ధన్యవాదాలు. లోపలి నుంచి వేస్తే నీరు ఆ గుంటలో నిలవదా? అదే నా సందేహం.

గాలివాటు (కాకినాడ, నిర్మాణ ఇంజినీరు)

నిలుస్తుంది, నేను ఒప్పుకోలేనిది కూడా అదే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు, ఒక కిలో బరువు. తుఫాను వాన ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు దాటడం మనకు కొత్త కాదు. బయటికి పోయే దారి లేని 3.25 చదరపు మీటర్ల గుంటలో అంత నీరు చేరితే 325 కిలోలు. ఆ బరువంతా కొత్తగా కొట్టిన రీపర్ల మేకుల మీద, కింద మెట్ల మీద నడిచే మనుషుల నెత్తిన ఉంటుంది. గాలికి భయపడి నీటిని ఇంట్లోకి ఆహ్వానించినట్టవుతుంది. ఉలిబాడిశ గారు చెప్పిన లోపలి మూత, పైన మరో మూత ఉన్నప్పుడు రెండో రక్షణగా పనికివస్తుంది, అదొక్కటే అయితే సరిపోదు.

అయితే ఆయన మాటలో ఒక మంచి సూచన ఉంది. లోపల ఒక ఆధారం, పైన మూత, మధ్యలో వాటిని కలిపే బిగింపు ఉంటే ఇటుక కట్టులో రంధ్రాలు చేసే పనే ఉండదు. మీకు సరిపోయే విధానం ఇది. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షట్టరింగ్ ప్లైవుడ్ షీటు ఒకటి, దాని పక్కన అదే పొడవున రెండడుగుల ముక్క ఒకటి కలిపి, కన్నం కంటే అన్ని వైపులా ఆరంగుళాలు ఎక్కువ ఉండేలా మూత తయారు చేయించండి. అతుకు కింద ఒక రీపరు పొడవునా ఉండాలి, అతుకు మీద బిటుమెన్ టేపు అతికించాలి. ఒక పొడవు అంచు కింద మూడంగుళాల బాదు, ఎదుటి అంచు కింద అంగుళం బాదు పెడితే మూతకు వాలు వస్తుంది. వాలు డాబా నీటి గొట్టం ఉన్న వైపుకు ఉండాలి. గాలి వాలు సందులో దూరకుండా పక్కలకు చెక్క ముక్కలు కోసి కొట్టించండి.

ఇక బిగింపు. కన్నానికి అడ్డంగా లోపల, స్లాబు అడుగున ఆనేటట్టు మూడు గట్టి బాదులు పెట్టండి. వాటికి సరిగ్గా పైన ప్లైవుడ్ మీద మరో మూడు బాదులు. పై బాదు నుంచి కింది బాదు దాకా ఒక్కోదానికి రెండు చొప్పున పది మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్లు (పొడవునా మర ఉన్న ఇనుప చువ్వలు) దించి, పెద్ద వాషర్లతో నట్లు బిగించండి. గాలి మూతను లాగితే అది స్లాబును లేపాలి. ప్లైవుడ్ మీద టార్పాలిన్ కప్పి, దాని అంచులను ఇటుక కట్టు కిందిదాకా దించి, రీపర్ల కింద నొక్కి బిగించండి. రాడ్లు దిగే రంధ్రాల చుట్టూ ఎం-సీల్ పెడితే చాలు.

ఉలిబాడిశ (తెనాలి, వడ్రంగి పని)

ఈ పద్ధతిని ఒప్పుకుంటాను. ఒక్క మాట కలుపుతాను. మూతను డాబా మీద ఒక పక్కన పూర్తిగా తయారు చేసి, ఇద్దరు మోసుకొచ్చి పెట్టాలి. కన్నం మీద నిలబడి ముక్కముక్కగా కొట్టకూడదు. ఫ్రేములో మిగిలిన మూడో గాజు పలకను ముందే తీయించండి. ఫ్రేము వంగి ఉంది కాబట్టి అంచు నొక్కుడుకు అది ఎప్పుడైనా ఒక్కసారిగా పగిలిపోవచ్చు. గాజు తీసేటప్పుడు కింద మెట్ల మీద పాత పరుపులు వేయండి, ఎవరినీ అటు పోనివ్వకండి, పనివాళ్ళకు కళ్ళద్దాలు, మందపాటి చేతితొడుగులు ఇవ్వండి.

లోగిలి (కోనసీమ)

మాది పెంకుటిల్లు, మండువా లోగిలి. స్కైలైటు అనే మాట లేని రోజుల్లో కూడా వంటింటి మీద ఒక గాజు పెంకు ఉండేది. పెంకుల ఇంటికి బరకం వేసే ముందు ఒక పని చేయాలని నా అనుభవం. ఇంట్లో నిలబడి దీపాలన్నీ ఆర్పి పైకి చూస్తే పగిలిన పెంకు సందుల్లో పగటి వెలుగు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చోట్లను వాసాల లెక్కతో గుర్తుపెట్టుకోవాలి. బెంగుళూరు పెంకు అయితే కింది నుంచే పై పెంకును కొంచెం ఎత్తి, పగిలినదాన్ని లాగి, కొత్తది దూర్చవచ్చు. కొత్త పెంకులు లేకపోతే ఆ ఖాళీలో గాల్వనైజ్డ్ రేకు ముక్కను పెంకు కొలతకు కోసి, పై చివర వంచి రీపరుకు తగిలించాలి. కొద్ది నష్టానికి ఇదే బరకం కంటే మంచిది, గాలికి ఉబ్బేది ఏదీ ఉండదు.

మండువా మీద ఇప్పుడు చాలామంది పాలీకార్బనేట్ షీటు వేయిస్తున్నారు. దానికి ఎండ నుంచి కాపాడే పూత సాధారణంగా ఒకవైపే ఉంటుంది. ఆ వైపు పైకి రాకపోతే త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. అటువంటి షీటు మీద కూడా అడుగు పెట్టకూడదు.

ఆర్లాండో నివాసి (ఫ్లోరిడా)

2022లో ఇయన్ హరికేన్ తర్వాత ఇక్కడ చూసిన ఒక ఏర్పాటు గురించి చెబుతాను. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా తరఫున ఆ దేశ సైన్యపు ఇంజినీర్ల విభాగం ‘ఆపరేషన్ బ్లూ రూఫ్’ పేరుతో దెబ్బతిన్న ఇళ్ళ కప్పులకు ఉచితంగా నీలి రంగు గట్టి షీటు వేయిస్తుంది. ఇక్కడ ఆ షీటును తాళ్ళతో కట్టరు. చెక్క పట్టీలను షీటు మీద వరుసలుగా పెట్టి కప్పులోకి మేకులు కొడతారు. అందుకే సమతలపు కప్పులు, లోహపు కప్పులు, మట్టి పెంకుల కప్పులు, ఆస్‌బెస్టాస్ కప్పులు ఆ పథకంలోకి రావు. మేకు దిగడానికి కింద చెక్క ఉండాలి. మన ఇళ్ళలో ఎక్కువ భాగం సరిగ్గా ఆ మినహాయింపుల్లోనివే కనుక, ఇంటర్నెట్‌లో కనిపించే అమెరికా వీడియోలు చూసి సిమెంటు రేకుకు మేకు కొట్టవద్దు.

షెడ్డుపని (జీడిమెట్ల, హైదరాబాద్)

ఆ చివరి వాక్యాన్ని నేను గట్టిగా బలపరుస్తున్నాను. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాన్ని పొడిగా కోసినా, డ్రిల్లు వేసినా కంటికి కనబడని నార ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కలను నీళ్ళతో తడిపి, మాస్కు పెట్టుకుని, ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తీసేయాలి. చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

పాలసీ పత్రం (విజయవాడ)

కప్పేముందు ఫొటోలు తీశారా? అన్ని వైపుల నుంచి, దగ్గరగా, దూరంగా, తేదీ కనిపించేలా తీసి ఉంచండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో తుఫాను, గాలివాన నష్టాలు చేరి ఉంటాయి. ఇంటి రుణం తీసుకున్నవారిలో చాలామందికి బ్యాంకు ద్వారా ఇటువంటి పాలసీ ఉన్నా ఆ సంగతి గుర్తుండదు, కాగితాలు తీసి చూడండి. బీమా సంస్థ పంపే సర్వేయరు వచ్చేదాకా కప్పు తెరిచి ఉంచాలనుకోవడం పొరపాటు. నష్టం పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం పాలసీదారు బాధ్యతే. సంస్థకు వెంటనే తెలియజేసి, ప్లైవుడ్, టార్పాలిన్, కూలి రసీదులు దాచి, పగిలిన ముక్కల్లో కొన్నింటిని సర్వేయరుకు చూపడానికి పక్కన పెట్టండి.

మేడమెట్లు (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. మూడో గాజు తీయించాము, గాలివాటు గారు చెప్పినట్టే మూత బిగించాము. షెడ్డు మీదకు ఎవరినీ ఎక్కించలేదు. లేచిన రేకును లోపలి నుంచే వైరుతో పర్లినుకు కట్టి, నిచ్చెన మీద నిలబడి బరకాన్ని వెదురు బొంగులతో కొప్పు దాటించి, అంచులను బాదులకు చుట్టి గుంజలకు కట్టాము. రాత్రి పెద్ద వాన పడింది. మెట్ల మీద చుక్క పడలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. మెట్ల పక్క హాల్లో జిప్సం ఫాల్స్ సీలింగు ఒకచోట కిందికి ఉబ్బింది, అందులో ముందటి వాన నీరు చేరినట్టుంది. రెండోది, ఈ మూత ఎన్నాళ్ళు ఉంచవచ్చు?

గాలివాటు (కాకినాడ, నిర్మాణ ఇంజినీరు)

సీలింగు విషయం ఈరోజే చూడాలి. ముందు ఆ గది లైట్ల సర్క్యూటు ఎంసీబీ (బోర్డులోని రక్షణ స్విచ్చు) దించండి. ఏది ఆ గదిదో తెలియకపోతే మెయిన్ ఆపేయండి. తర్వాత ఉబ్బు అట్టడుగున స్క్రూడ్రైవరుతో చిన్న రంధ్రం చేసి, కింద బకెట్టు పెట్టి నీరు దించేయండి. మీరు పక్కగా నిలబడండి, ఉబ్బు కింద మాత్రం వద్దు. ఎలక్ట్రీషియను వైర్లు పరీక్షించేవరకు ఆ సర్క్యూటు తిరిగి వేయకండి.

మూత సంగతికి వస్తే, షట్టరింగ్ ప్లైవుడ్ కోసిన అంచులకు పెయింటు పూయించకపోయి ఉంటే నీరు ముందు అక్కడే పీలుస్తుంది, ఎండ రాగానే పూయించండి. మామూలు నీలి టార్పాలిన్ ఎండకు కొన్ని నెలల్లో పొడిబారి రాలిపోతుంది. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 7903 గుర్తు ఉన్నది అడగండి. ప్రతి గాలివాన తర్వాత కింది నట్లు ఒకసారి బిగించి చూడండి, తడిసిన చెక్క ఆరినప్పుడు కుదించుకుని అవి వదులవుతాయి. రెండు వారాల్లో గాజు వస్తే ఈ మూత ఏ ఇబ్బందీ లేకుండా నిలుస్తుంది.

ఒక హెచ్చరిక ఉంది. ఈ అల్పపీడనం తుఫానై మీ మీదుగానే వస్తే, మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. హుద్‌హుద్ రోజున మీ నగరం మీద తుఫాను కన్ను దాటినప్పుడు అలాగే ఆగింది. ఆ విరామంలో ఎవరూ డాబా ఎక్కకూడదు, తర్వాత వచ్చే గాలి ఎదుటి దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది.

ఉలిబాడిశ (తెనాలి, వడ్రంగి పని)

గాజు ఆర్డరు ఇంకా మార్చగలిగితే ఈసారి టఫెన్డ్ ఒక్కటే కాకుండా లామినేటెడ్ చేసిన గాజు అడగండి. దాని రెండు పొరల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అతుక్కుని ఫ్రేములో నిలుస్తాయి. ధర ఎక్కువే, అయినా మెట్ల మీద పిల్లలు తిరిగే ఇంట్లో నేను మరొకటి బిగించను. గాజు రాకముందే వెల్డరును పిలిపించి వంగిన ఫ్రేమును సరిచేయించి, మూలమట్టం పెట్టి చూసుకోండి. ఫ్రేము సరిగా లేకపోతే కొత్త గాజు కూడా పగులుతుంది. మీ మూతను విప్పాక ఆ బాదులు, రాడ్లు కట్టగట్టి షెడ్డులోనే ఉంచండి, డిసెంబరు దాకా తుఫానులు వస్తూనే ఉంటాయి.